ఎడ్మండ్ బెకెరల్

ఎడ్మండ్ బెకెరల్ 1820వ సంవత్సరము మార్చి 24వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి ఆంత్వాన్ సెజార్ విద్యుచ్ఛాస్త్రమున గొప్ప పండితుడు. ఆ నగరమందలి ప్రకృతిశాస్త్ర మ్యూజియములో ఆచార్యుడు. ఎడ్మండునకు ఎకోల్ నార్మాల్, ఎకోల్ పాలిటెక్నిక్ అను రెండు ప్రసిద్ధ విద్యాలయములందును ప్రవేశము లభించెను. అట్టి భాగ్యమునకై ఎందరో ఏండ్ల తరబడి శ్రమింతురు. అతడు ఆ రెంటిని విడిచి, తండ్రికి సహాయకుడుగా ప్రయోగశాలలో చేరెను.

1839లో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, అతడొక ప్రయోగము చేసెను. సిల్వర్ క్లోరైడు పలుచగా పూసిన రెండు ప్లాటినము రేకులను ఆమ్లద్రవములో ముంచి, వానిని సున్నితమైన గాల్వనామీటరునకు కలిపెను. ఒక రేకును చీకటిలో నుంచి, రెండవదానిపై వెలుతురు పడనిచ్చెను. మీటరు ముల్లు కదలెను! అచట వేరొక బ్యాటరీ లేదు, త్రిప్పు యంత్రమును లేదు. వేడిమివలన ఇట్లు జరిగెనేమో యని సందేహము కలుగవచ్చును. కాని వేడిమి హెచ్చుగా గల ఎరుపు కిరణములకంటె నీల, ఊదా కిరణములకే ముల్లు ఎక్కువగా చలించెను. కాంతియే విద్యుత్తును పుట్టించుచున్నదని తేలినది.

ఆ విద్యుత్తు మిక్కిలి స్వల్పము. అంత స్వల్పమైన శక్తితో తృప్తిపడు యంత్రమేదియు ఆ కాలమున లేదు. కావున లోకము దానిని అంతగా పట్టించుకొనలేదు. బెకెరల్ మాత్రము కాంతిని విడువలేదు. 1848లో ఆ సిల్వర్ క్లోరైడుతోనే సూర్యుని వర్ణపటమును రంగులలో ఛాయాచిత్రముగా తీసెను. పాపము, ఆ రంగులు వెలుతురు సోకినచో మాసిపోవును. చిత్రమును చీకటిలో దాచవలసివచ్చెను! కాంతి తొలగిన పిమ్మట క్షణమాత్రము మెరయు పదార్థములను పరిశీలించుటకు ఫాస్ఫరోస్కోపును నిర్మించెను. 1878లో తండ్రి మరణింపగా ఆయన ఆచార్యపదవి ఎడ్మండునకే లభించెను. అతడు శ్రద్ధగా శోధించిన యురేనియము లవణములతోనే కుమారుడు హెన్రీ 1896లో రేడియోధార్మికతను కనుగొనెను. అప్పటికి తండ్రి లేడు. 1891 మే 11న కన్నుమూసెను.

1954లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలవారు సిలికాన్‌తో సౌరఘటమును నిర్మించిరి. అది తనపై పడిన కాంతిశక్తిలో సుమారు 6 శాతమును విద్యుత్తుగా మార్చెను. పిమ్మట పలుచని పొరలతో ఘటములు చేయు విధానమును వృద్ధిచెందెను. 2010 ప్రాంతమున నెదర్లాండ్సులోని ట్వెంటె విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు అట్టి పొరలను మైక్రోచిప్పుపైననే ఏర్పరచిరి. పొరలు వేయునపుడు వేడి మితిమీరినచో అడుగున నున్న చిప్పు చెడిపోవును. అందుచే వారు వేడిని అదుపులో నుంచి, చిప్పునకు హాని కలుగకుండ పని నెరవేర్చిరి. చిప్పునకు కావలసిన శక్తి అత్యల్పమైనచో, వెలుతురున్నంతసేపు ఆ పైపొరయే దానిని నడిపింపగలదు. బ్యాటరీతోగాని తీగతోగాని పనియుండదు.