బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడు గారు

పేదబిడ్డకు కళాశాల ద్వారము తెరచుట పుణ్యకార్యమే. కాని ఆ బిడ్డకు ఫీజు కట్టువారు, అన్నము పెట్టువారు, తలదాచుకొన చోటిచ్చువారు లేనిచో తెరచిన ద్వారము తెరచియు మూసినట్లే. ఈ సత్యమును గ్రహించి ఆచరించిన ఆంధ్ర విద్యాధికారులలో బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడు గారు అగ్రగణ్యులు.

వారు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రిగారు సైన్యమున సుబేదారు. అందుచే బాల్యము కొంతకాలము ఉత్తరదేశమున గడచెను. పిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలో విలియం మిల్లరు దొరగారి శిష్యులై ఎం.ఎ. పట్టము నందిరి. పుట్టుకచే మానవులలో హెచ్చుతగ్గులు లేవను బ్రహ్మసమాజ సిద్ధాంతము వారికి జీవనసూత్రమయ్యెను. యౌవనముననే భార్య గతింపగా మరల వివాహమాడక, శుభ్రవస్త్రధారులై, విద్యార్థులనే తమ సంతానముగా భావించిరి.

మచిలీపట్టణమందలి నోబుల్ కళాశాలలో వారు బోధకులుగా నుండిన కాలమున ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య మొదలగువారు వారి ప్రభావమునకు లోనైరి. 1899 నుండి 1904 వరకు సికిందరాబాదు మహబూబు కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండి, 1904లో కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలై వచ్చిరి. 1919 వరకు సాగిన ఆ పదునైదేండ్ల సేవయే వారి జీవితమునకు మకుటాయమానము.

ఆ దినములలో పంచములని పిలువబడిన కులముల పిల్లలు బడి అరుగు నెక్కుటయే ఘోరాపచారము. వారితో పంక్తిలో భుజించినవారు బంధువర్గముచే వెలివేయబడుచుండిరి. ఆడుబిడ్డ కళాశాలలో మగపిల్లల సరసన కూర్చుండుట వింతగను, నిందగను ఎంచబడుచుండెను. నాయుడు గారు ఈ నిందలకు వెరవలేదు. కళాశాలలో బాలికలకు ప్రవేశము కల్పించిరి. తమ జీతములో కొంతభాగము పేదవిద్యార్థుల ఫీజులకు వెచ్చించిరి. తమ్ము గురువుగా భావించిన పిఠాపురము మహారాజా సూర్యారావు బహద్దరు వారిని ప్రోత్సహించి, కాకినాడలో అనాథ శరణాలయమును, దళిత విద్యార్థులకు వసతిగృహమును నెలకొల్పించిరి. గురువు సంకల్పమునకు ప్రభువు ధనము తోడయ్యెను.

ఇదే కాలమున కొల్హాపురమున శాహూ మహారాజు వివిధ సమాజముల విద్యార్థులకై వసతిగృహములు స్థాపించిరి. అందు వీరశైవ లింగాయత విద్యార్థుల వసతిగృహము ఒకటి. దూరగ్రామమునుండి వచ్చిన బాలునకు పట్టణమున అన్నము, నీడ లేకున్న చదువు కొనసాగదని ఆ ప్రభువునకును, ఈ ప్రిన్సిపాలునకును సమానముగా తెలిసియుండెను. దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు వంటి మెట్ట ప్రాంతముల తల్లిదండ్రులకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. మఠములయందలి దాసోహమునకు విద్యాదానము తోడైనచో కలుగు మేలు వీరశైవ కుటుంబములకు సుపరిచితమే.

నాయుడు గారు చదువుతోపాటు శీలమును బోధించిరి. భోగముమేళములను, మద్యపానమును ఖండించి సంఘమున పవిత్రతకై పాటుపడిరి. భావకవి దేవులపల్లి కృష్ణశాస్త్రి వారి ప్రభావమున పెరిగినవారే. 1924లో ప్రభుత్వము వారికి సర్ బిరుదము నొసగెను. 1925 నుండి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నుండిరి. అంతటి పదవి నధిష్ఠించియు నిరాడంబర జీవనమును వీడలేదు. 1939వ సంవత్సరము మే 26వ తేదీన పరమపదించిరి.

పదవులు, బిరుదములు ఎందరికో లభించును. అధికారము చేతికి వచ్చినప్పుడు దానిని ఎవరికొరకు వినియోగించితిమి అనునదే మనుష్యునకు గీటురాయి. నాయుడు గారు తమ అధికారమును బడి వెలుపల నిలువబడిన బిడ్డకొరకు వినియోగించిరి. ఒక్క బీదవిద్యార్థికైనను ఫీజో, పుస్తకమో, పూటకూడో సమకూర్చిన గృహస్థుడును, మఠాధిపతియు ఆ మహనీయుని అడుగుజాడలలో నడచినవారే యగుదురు.