మృతుల మొర విన్న న్యాయాధికారి

మనిషి ఎప్పుడు మరణించాడో సరిగా నిర్ణయించలేకపోతే హత్యాభియోగంలో నిర్దోషి ఉరికంబమెక్కవచ్చు, దోషి తప్పించుకొనవచ్చు. ఈ సత్యాన్ని ఏడున్నర శతాబ్దాలకు పూర్వమే గుర్తించి గ్రంథస్థం చేసిన మహనీయుడు చీనా దేశపు న్యాయాధికారి సుంగ్ త్సు.

ఆయన 1186లో ఫుజియాన్ ప్రాంతంలోని జియాన్‌యాంగ్‌లో జన్మించాడు. 1217లో రాజ్యోద్యోగ పరీక్షలో ఉత్తీర్ణుడైనా, పితృవియోగం వల్ల వెంటనే కొలువులో చేరలేకపోయాడు. ఆయన ఉద్యోగజీవితం దాదాపు నలుబదవ యేట, 1226లో ఆరంభమైంది. తరువాత గ్వాంగ్‌డాంగ్‌లో న్యాయపర్యవేక్షకుడై, ఎనిమిది నెలలలో రెండు వందలకు పైగా ఖైదీల అభియోగాలను పరిష్కరించాడు.

ఆనాడు పలువురు అధికారులు శవపరీక్షను హేయంగా ఎంచి, దుర్గంధానికి వెరచి దూరంగా నిలిచేవారు. పరీక్ష క్రింది ఉద్యోగుల పాలయ్యేది. వారి చేతిలో లంచం పడితే గాయాలు సైతం మాయమయ్యేవి. ఈ దుస్థితి సుంగ్ త్సును కలచివేసింది. అధికారి స్వయంగా వెళ్లి, శవం చెంత నిలిచి, కన్నులారా చూడవలసినదేనని ఆయన శాసించాడు.

తన అనుభవాన్నీ పూర్వుల జ్ఞానాన్నీ క్రోడీకరించి 1247లో ఆయన కూర్చిన గ్రంథం ‘షీ యువాన్ జీ లూ’. అన్యాయాన్ని కడిగివేయడమే ఆ పేరులోని భావం. ఋతువులను బట్టి మృతదేహంలో కలిగే మార్పులను అందులో వివరించాడు. తీవ్రమైన ఎండలో ఒక దినంలో కలిగే వికారం గడ్డుచలిలో ఐదు దినాలకు గాని కలుగదు. వసంత శరత్కాలాలలో రెండు మూడు దినాలు పట్టుతుంది. స్థూలకాయుల, యువకుల దేహాలు త్వరగా చెడుతాయి. కృశించినవారివీ, వృద్ధులవీ ఆలస్యంగా చెడుతాయి. ఉత్తర దక్షిణ దేశాల శీతోష్ణాలు వేరు. కొండసీమల వాతావరణానికి నిలకడ లేదు. కనుక లెక్కను గుడ్డిగా నమ్మక, స్థలాన్నీ సమయాన్నీ పరిశీలించి నిర్ణయించాలని హెచ్చరించాడు.

ఆ గ్రంథంలో దోషాలు లేకపోలేదు. ఎముకలపై రక్తం చిలికి బంధుత్వాన్ని తేల్చవచ్చుననే నమ్మకం విజ్ఞానశాస్త్రానికి నిలువలేదు. కాని కాలనిర్ణయంలో ఆయన చూపిన జాగ్రత్త మాత్రం నేటికీ శిరోధార్యమే. దేహం చల్లబడిన తీరు, కండరాల బిగువు, శవంపై పెరిగిన పురుగుల వయస్సు పరీక్షించే నేటి వైద్యుడు కూడ ఫలానా నిమిషమని చెప్పడు. ఇన్ని గంటలకూ ఇన్ని గంటలకూ నడుమ అని మాత్రమే చెబుతాడు.

సుంగ్ త్సు 1249లో గ్వాంగ్‌జౌలో కన్నుమూశాడు. ఆయన గ్రంథం మాత్రం చీనాలో శతాబ్దాల తరబడి శవపరీక్షాధికారులకు మార్గదర్శకమైంది. తెలిసినంత మేరకే చెప్పడం పండితునికి వినయం. న్యాయాధికారికి అదే ధర్మం. ఆ ధర్మం తప్పినచోట మూల్యం చెల్లించేది ఒక నిరపరాధి ప్రాణం.