గుల్‌బదన్ బేగం: చరిత్ర రాసిన చక్రవర్తి కుమార్తె

మొఘల్ వంశ స్థాపకుడు బాబర్ పేరు వినని వారుండరు. ఆయన కుమారుడు హుమాయూన్, మనుమడు అక్బర్ బడిపిల్లలకు సైతం తెలుసు. కాని బాబర్‌కు గుల్‌బదన్ బేగం అనే కుమార్తె ఉండేవారనీ, తన తండ్రి, అన్నల కాలం గురించి ఆమె ఫారసీలో ఒక గ్రంథం రాశారనీ మనలో ఎందరికి తెలుసు? పదహారో శతాబ్దంలో మొఘల్ ఇంటి లోపలి జీవితాన్ని ఆ ఇంటి స్త్రీయే రాసిన పుస్తకం మనకు ఇదొక్కటే మిగిలింది. ఈ వారం ఆమె జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాం.

గుల్‌బదన్ 1523 ప్రాంతంలో కాబూల్‌లో జన్మించారు. కన్నతల్లి దిల్దార్ బేగం. హుమాయూన్ తల్లి మాహం బేగం తన బిడ్డలను పలువురిని పోగొట్టుకున్నారు. అందువల్ల రెండేళ్ళ గుల్‌బదన్‌ను తన దగ్గరకు తెచ్చుకుని పెంచుకున్నారు. 1526 ఏప్రిల్‌లో పానిపట్టు యుద్ధంలో బాబర్ గెలిచేనాటికి ఆ పాప కాబూల్‌లోనే ఉంది. హిందుస్తాన్ నుంచి తండ్రి పంపిన కానుకలు ఏ బేగంకు ఏవి చేరాయో ఆమె తర్వాత వివరంగా రాశారు. అసస్ అనే పాత సేవకుడికి బాబర్ ఒక పెద్ద బంగారు నాణెం చేయించి పంపారు. కళ్ళకు గంతలు కట్టి దాన్ని అతని మెడలో వేలాడదీయమని చెప్పి పంపారట! పానిపట్టు విజేత ఇంటివారితో ఇంత హాస్యంగా ఉండేవారని ఈ పుస్తకం వల్లనే మనకు తెలుస్తున్నది.

1529లో మాహం బేగంతో కలిసి ఆమె ఆగ్రా చేరారు. మాహం వస్తున్నారన్న కబురు అందగానే బాబర్ గుర్రం తెచ్చేవరకైనా ఆగలేదు, కాలినడకనే ఎదురువెళ్ళారు. ఆరేళ్ళ గుల్‌బదన్ తండ్రి పాదాలపై వాలగా, ఆయన ఎత్తుకుని గుండెకు హత్తుకున్నారు. ఆ ఆప్యాయత ఎక్కువకాలం దక్కలేదు. 1530 డిసెంబరులో బాబర్ కన్నుమూశారు.

ఆ తర్వాత కుటుంబానికి కష్టాలు మొదలయ్యాయి. 1539లో చౌసా వద్ద షేర్‌ఖాన్ చేతిలో హుమాయూన్ ఓడిపోయారు. చరిత్ర పుస్తకాల్లో మనం ఓడిన రాజునూ గెలిచిన రాజునూ చదువుతాం. గుల్‌బదన్ బేగం మాత్రం ఆ రోజు జాడ తెలియకుండా పోయిన స్త్రీల పేర్లు రాశారు. హుమాయూన్ చిన్నారి కుమార్తె అఖీఖా బేగం, ఏడు నెలల గర్భవతి అయిన చాంద్ బీబీ, షాద్ బీబీ, ఆయిషా సుల్తాన్ బేగం మొదలైనవారు వారిలో ఉన్నారు. ఎంత వెతికించినా వారి ఆచూకీ దొరకలేదు. ఆమె రాసి ఉండకపోతే వీరు లోకంలో ఉండేవారన్న సంగతి కూడా మాసిపోయేది.

1540లో కనౌజ్ వద్ద మరో ఓటమి ఎదురైంది. హుమాయూన్ సింధు దారి పట్టగా, గుల్‌బదన్‌ను మరో అన్న కామ్రాన్ కాబూల్‌కు తీసుకుపోయారు. హుమాయూన్‌తో వివాహానికి హమీదా బాను వెంటనే ఒప్పుకోలేదనీ, నలభై రోజులపాటు నచ్చజెప్పవలసి వచ్చిందనీ ఈ పుస్తకం చెబుతున్నది. చక్రవర్తి అడిగినా, ఆ బాలిక తన మనసులోని మాట చెప్పడానికి జంకలేదు. 1541లో ఆ నికాహ్ జరిగింది. మరుసటి ఏడు ఉమర్‌కోటలో అక్బర్ పుట్టారు.

గుల్‌బదన్‌కు అన్నిటికన్న పెద్ద పరీక్ష 1551లో వచ్చింది. అన్నదమ్ముల పోరులో, కామ్రాన్ జరిపిన రాత్రి దాడిలో, ఆమె తోడబుట్టిన హిందాల్ హతమయ్యారు. చంపించినవాడూ అన్నే, చనిపోయినవాడూ అన్నే. దాదాపు ముప్పై ఆరేళ్ళ తర్వాత రాస్తున్నప్పుడు కూడా ఆ గాయం మానలేదు. ఆ కత్తి హిందాల్‌కు బదులు తనకో, తన కన్నకొడుకు సాదత్‌యార్‌కో, తన భర్త ఖిజ్ర్ ఖ్వాజా ఖాన్‌కో తగిలినా బాగుండేదని ఆమె రాసుకున్నారు. కామ్రాన్ చేసినదాన్ని ఎక్కడా కప్పిపుచ్చలేదు. అట్లాగని అతన్ని వంశం నుంచి తుడిచివేయనూ లేదు. ఇంటి గౌరవం పేరిట ఇంటి తప్పును దాచడం మనకు బాగా అలవాటు. ఆమె నిజం చెబుతూనే బంధుత్వాన్నీ నిలుపుకున్నారు.

ఈ గ్రంథం పేరు హుమాయూన్‌నామా. అబుల్ ఫజల్ అక్బర్‌నామా రచనకు ఆధారాలు సమకూర్చే సందర్భంలో, పాతరోజులు గుర్తున్నవారందరూ తమ జ్ఞాపకాలు రాయాలని 1587 ప్రాంతంలో అక్బర్ కోరారు. హుమాయూన్‌కు నీళ్ళు అందించిన సేవకుడు జౌహర్ రాశారు. బాయజీద్ బయాత్ రాశారు. మేనత్త గుల్‌బదన్ కూడా రాశారు. ఆస్థాన చరిత్రల్లో బిరుదుల వరుస ముగిసి అసలు సంగతి మొదలయ్యేసరికి మదర్సాలో ఫారసీ నేర్చిన మావంటివారికే ఊపిరాడదు. ఈమె మాటలు సూటిగా ఉంటాయి. మధ్యమధ్య ఇంట్లో మాట్లాడుకునే తుర్కీ పదాలు దొర్లుతాయి. విందులో ఎవరు ఎక్కడ కూర్చున్నారు, హిందాల్ పెళ్ళికి ఏ కానుకలు పెట్టారు, మగవారి దుస్తులు ధరించి విలువిద్య, చౌగాన్ ఆటల్లో ఆరితేరిన బేగంలు ఎవరు అన్నవన్నీ అందులో దొరుకుతాయి. జనానా అంటే నాలుగు గోడల మధ్య మౌనమేనని అనుకునేవారు ఈ పుస్తకం తప్పక చదవాలి.

ఆమె జీవితంలో మరో గొప్ప ఘట్టం హజ్ యాత్ర. 1575 అక్టోబరులో, యాభై దాటిన వయసులో, రాజకుటుంబ స్త్రీల బృందానికి పెద్దగా ఆమె ఫతేపూర్ సిక్రీ నుంచి బయలుదేరారు. అక్బర్ భార్య సలీమా సుల్తాన్ బేగం కూడా వెంట ఉన్నారు. ఆనాడు సముద్రం మీద పోర్చుగీసువారిదే పెత్తనం. వారి అనుమతి పత్రం లేనిదే ఓడ కదలరాదు. ఆ పత్రంపై బొమ్మలు ఉండేవి గనుక సముద్ర మార్గాన హజ్ చేయవలసిన విధి లేదని కొందరు ఉలమా వాదించారు కూడా. బేగంలు వెనుదిరగలేదు. దాదాపు ఏడాదిపాటు సూరత్‌లో వేచి ఉండి 1576లో ఓడ ఎక్కారు. పవిత్ర భూమిలో మూడేళ్ళకు పైగా గడిపి నాలుగుసార్లు హజ్ చేశారు. తిరుగు ప్రయాణంలో ఏడెన్ దగ్గర ఓడ దెబ్బతిని నెలల తరబడి అక్కడే చిక్కుకుపోయారు. చివరికి 1582లో ఇల్లు చేరారు.

1603 ఫిబ్రవరిలో ఎనభై ఏళ్ళ వయసులో ఆమె పరమపదించారు. ఆఖరి ఘడియల్లో హమీదా బాను పక్కనే ఉన్నారు. మేనత్త జనాజాకు అక్బర్ స్వయంగా భుజం పట్టి కొంతదూరం నడిచారు.

హుమాయూన్‌నామాకు మిగిలిన ప్రాచీన ప్రతి ఒక్కటే. అది లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అన్నెట్ బెవరిడ్జ్ అనే ఆంగ్ల మహిళ శ్రమించి 1902లో దాన్ని ఆంగ్లంలోకి తెచ్చిన తర్వాతే లోకానికి దాని విలువ తెలిసింది. అయితే ఆ ప్రతి 1553లో కామ్రాన్ కళ్ళు పొడిపించిన ఘట్టం వద్ద వాక్యం మధ్యలోనే తెగిపోయింది. అందువల్ల ఆమె హజ్ యాత్ర గురించి మనం ఇతరుల చరిత్రల్లో చదువుకోవలసిందే. కాబా ఎదుట నిలిచిన క్షణాన ఆ ముసలితల్లి హృదయం ఎట్లా స్పందించిందో చెప్పే పుట మన చేతుల్లో లేదు.

చక్రవర్తి కుమార్తె రాసిన పుస్తకానికే ఈ గతి పడితే, మన ఇళ్ళలో దాదీమాలు, నానీమాలు చెప్పే సంగతులు ఎంతకాలం నిలుస్తాయి? వారిని అడిగి, విని, ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టడానికి రాజాజ్ఞ అక్కరలేదు. వారు ఉండగానే అడగాలి, అంతే. అల్లాహ్ గుల్‌బదన్ బేగంను కరుణించుగాక. ఆమీన్.