అమ్ముడుపోని కారు

1947వ సంవత్సరపు చివరి మాసములలో బ్రిటిష్ ప్రభుత్వము సొంత కార్లవారికి ఇచ్చుచుండిన సామాన్య పెట్రోలు రేషనును నిలిపివేసినది. యుద్ధము ముగిసి రెండేండ్లు దాటినను ఆ దేశమునకు డాలర్ల కరువు తీరలేదు. పెట్రోలు దొరకని కారు ఎవరికి కావలెను? పాత కార్ల ధరలు ఒక్కసారిగా కూలినవి. ఆ దెబ్బ తిన్న చిల్లర వ్యాపారులలో పందొమ్మిదేండ్ల కళాశాల విద్యార్థి యొకడు ఉండినాడు. సహాధ్యాయి నొకనిని భాగస్వామిగా చేర్చుకొని, లండనులో పాత కార్ల బేరములకు పేరుపడిన వారెన్ వీధిలో కార్లు కొని, చదువుకు నడుమనే వానిని మరల అమ్ముచుండెడివాడు. ఉన్న సరకును నష్టమునకే వదిలించుకొనగా చివరకు ఒక ముసలి ఆస్టిన్ సెవెన్ మిగిలినది. దానిని అడిగిన వాడు లేడు. ఆ విద్యార్థి పేరు ఆంథొనీ కాలిన్ బ్రూస్ చాప్‌మన్.

అతడు 1928 మే 19వ తేదీన రిచ్‌మండ్‌లో జన్మించినాడు. తండ్రి ఉత్తర లండనులోని హార్న్‌సీలో రైల్వే హోటలు నడుపుచుండెడివాడు. కుమారుడు లండను యూనివర్సిటీ కాలేజీలో కట్టడముల ఇంజనీరింగు చదివినాడు. వంతెనయైనను, మేడయైనను తనపై పడిన బరువును ఏ అంగముతో ఎంత మోయునో లెక్కగట్టు విద్య అది. చదువుకన్న బేరములపై మనసు ఎక్కువగా నుండుటచేత కాబోలు, చివరి గణిత పరీక్ష తప్పి, మరల వ్రాసి 1949లో పట్టము పొందినాడు. ఆ నడుమ విశ్వవిద్యాలయపు వైమానిక దళములో చేరి విమానము నడుపుట నేర్చుకొన్నాడు. పలుచని రేకు, తేలికైన కర్ర కలిసి విమానమునకు ఎట్లు బలమిచ్చునో అక్కడ కన్నులార చూచినాడు. డిగ్రీకన్న ఆ చూపే అతనికి ఎక్కువ అక్కరకు వచ్చినదని నా అభిప్రాయము.

ఆ రోజులలో కొద్దిపాటి రాబడిగల యువకులకు అందుబాటులోనున్న మోటారు క్రీడ ట్రయల్ అనునది. ఇందులో వేగము ప్రధానము కాదు. వానకు నానిన పల్లెదారులు, నిటారు కొండవాలులు, చెట్ల వ్రేళ్లు తేలిన బాటలు, వీనిపై కారు ఆగకుండ ఎక్కవలెను. ఎక్కడ నిలిచిపోయినదో దానినిబట్టి మార్కులు తెగును. వెనుక చక్రములు జారునప్పుడు ప్రక్కనున్న ప్రయాణికుడు సీటుపై ఎగిరెగిరి కూర్చుండి వానికి పట్టు చిక్కించుటయు ఆటలోని భాగమే. రాత్రివేళ పటము చూచుకొనుచు సందు దారులలో నిర్ణీత సమయమునకు గమ్యము చేరవలసిన ర్యాలీ దీనికి తోబుట్టువు. రెండింటను కారు గీచుకొనును, సొట్టలుపడును. అందుచేత పోయినను ప్రాణము ఉసూరుమనని కారే దీనికి తగినది.

ఆ లెక్కన ఆస్టిన్ సెవెన్‌ను మించినది లేదు. హెర్బర్ట్ ఆస్టిన్ 1922లో సామాన్య సంసారుల కొరకు నిర్మించిన కారు అది. 1939 వరకు సుమారు 2,90,000 కార్లు తయారైనవి. కనుక విడిభాగములు ఏ మూలనైనను దొరకును, మరమ్మతు తెలిసినవాడు ప్రతి ఊరను ఉండును. ఇంజను పరిమాణము 747 సి.సి. మాత్రమే, ముందు ఇరుసునకు వెనుక ఇరుసునకు నడుమ దూరము 6 అడుగుల 3 అంగుళములు. ఇంత పొట్టి కారు ఇరుకు మలుపులలో సులువుగా తిరుగును. లోపములు లేకపోలేదు. ఇంజను బలము తక్కువ, బ్రేకులు అంతంతమాత్రము. అన్నిటికన్న పెద్ద లోపము చట్రము. ఏ అనే ఇంగ్లీషు అక్షరమువలె అమర్చిన పలుచని కమ్మీలపై అది నిలిచియుండినది. గతుకు తగిలినప్పుడెల్ల మెలితిరిగెడిది.

సామాన్యముగా కుర్రవాడు పోటీకి కారు సిద్ధము చేయునప్పుడు మొదట ఇంజనుపై పడును. చాప్‌మన్ చట్రము నుండి మొదలుపెట్టినాడు. చట్రము మెలితిరుగుచున్నంత కాలము స్ప్రింగులు తమ పని తాము చేయలేవు. నాలుగు చక్రములు నేలను సరిగా తాకవు. తాకని చక్రమునకు ఎంత బలమిచ్చినను అది బురదను చిమ్మును గాని బండిని నడపదు. అతడు తెరచియున్న కమ్మీలను రేకుతో మూసి పెట్టెలవలె చేసినాడు. దీని రహస్యమును తరగతిలో సులభముగా చూపవచ్చును. దళసరి కాగితమును గొట్టముగా చుట్టి, అంచులు అంటింపకుండ రెండు చేతులతో మెలిపెట్టుడు, ఇట్టే మెలితిరుగును. అదే గొట్టమును అంచు పొడవునా జిగురుతో అంటించి మరల మెలిపెట్టుడు, ఎదురుతిరుగును. కాగితము అదే, బరువు అదే, మూసినంత మాత్రాన వచ్చిన బలము అది.

పిమ్మట పాత పైకట్టును పూర్తిగా విప్పి పారవైచినాడు. కర్ర చట్రము కట్టి, అల్యూమినియము రేకు అంటించిన ప్లైవుడ్ పలకలను దానికి బిగించి, అడ్డగోడలు అమర్చి క్రొత్త దేహమును కల్పించినాడు. అంతకు ముందు ఆ కారు పైకట్టు చట్రముపై కూర్చున్న బరువు. ఇప్పుడది చట్రముతోపాటు భారము మోయు అంగము. విమానము నుండి నేర్చిన పాఠము ఇదియే. ఈ పని జరిగినది హేజెల్ విలియమ్స్ అను యువతి తల్లిదండ్రుల ఇంటి వెనుకనున్న గారేజిలో. ఆమెయే తరువాత అతని భార్య అయినది. 1948లో కారు సిద్ధమైనది. ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని అతడు ట్రయళ్లలో పాల్గొన్నాడు.

దానికి లోటస్ అని పేరు పెట్టినాడు. ఎందుకు పెట్టినాడో అతడు లోకమునకు చెప్పలేదు. పంకము నుండి పుట్టినది పంకజము అని చదువుకొన్న మనకు, బురదలో ఎక్కుటకై పుట్టిన కారునకు ఆ పేరు కుదిరినట్లే తోచును. కాని అది మన చమత్కారమే.

రెండవ కారునకు ఫోర్డు ఇంజను అమర్చినాడు. 1951లో మూడవది మరల ఆస్టిన్ సెవెన్ ఇంజనుతో, స్వల్పవ్యయముతో నడచు ఒక తరగతి పందెముల కొరకు నిర్మించినాడు. ఆ ఇంజనులో నాలుగు సిలిండర్లకు పెట్రోలు ఆవిరి పోవు ద్వారములు రెండే. రెండేసి సిలిండర్లు ఒక్క ద్వారమును పంచుకొనవలెను. అతడు ద్వారము లోపలి వరకు పలుచని అడ్డురేకు దింపి రెండింటిని నాలుగుగా చేసినాడు. ఆ ఏడు దానికి ఎదురులేకపోయినది. క్లబ్బువారు నియమావళి మార్చి ఆ ఉపాయమును నిషేధించినారు. నియమమును అక్షరమక్షరము చదివి అందు వ్రాయనిదానిని వెదకుట అతనికి జీవితాంతము విడువని అలవాటు.

1952లో హేజెల్ వద్ద 25 పౌనులు అప్పు తీసుకొని, తండ్రి హోటలు వెనుకనున్న పాత గుర్రపుశాలలో లోటస్ సంస్థను ప్రారంభించినాడు. తయారైన కారుపై అప్పుడు కొనుగోలు పన్ను అధికము. విడిభాగములుగా కొని ఇంటివద్ద బిగించుకొనువారికి అది లేదు. కనుక ఆరవ నమూనాను భాగములుగానే అమ్మినాడు. 1957లో వచ్చిన ఏడవ నమూనాయు అట్టిదే. తన దారినే నడువగోరిన బీద ఔత్సాహికులే అతని తొలి ఖాతాదారులు.

పైమెట్టు చరిత్ర ప్రసిద్ధమే. 1962లో ప్రత్యేక చట్రమే లేకుండ, దేహమే భారము మోయు లోటస్ 25 ఫార్ములా వన్ పందెములకు వచ్చినది. గారేజిలోని ప్లైవుడ్ పలకల ఊహయే అల్యూమినియములో పండినది. 1963లోను 1965లోను జిమ్ క్లార్క్ దానివంటి కార్లపై ప్రపంచ విజేతయైనాడు. చాప్‌మన్ బ్రతికియుండగా నిర్మాతల బిరుదు లోటస్‌కు ఏడు మార్లు దక్కినది.

కాని ప్రతి తులము బరువును తీసివేయు పట్టుదలకు మూల్యము ఉండినది. బురదకొండపై సాహసము మీరినచో కారు ఆగును, మార్కులు పోవును. గంటకు 150 మైళ్ల వేగమున ఏ భాగము విరిగినను మనిషి పోవును. 1968 ఏప్రిల్ 7న హాకెన్‌హైమ్‌లో క్లార్క్ మరణించినాడు. మరుసటి ఏట స్పెయిన్ పందెములో వెనుక రెక్కలు విరిగి రెండు లోటస్ కార్లు ధ్వంసమైనవి. గాయపడి బయటపడిన యోఖెన్ రింట్, కార్లు చాలినంత వేగముగలవేయని, బలహీన భాగములకు మరికొంత బరువు చేర్చినను నష్టము లేదని చాప్‌మన్‌కు లేఖ వ్రాసినాడు. 1970 సెప్టెంబరు 5న మోంజాలో సాధన చేయుచు ఆ రింట్ మరణించినాడు. ముందు బ్రేకునకు చెందిన కడ్డీ యొకటి విరిగినట్లును, ప్రక్కనున్న ఇనుపకంచె సరిగా బిగింపనందున అపాయము ప్రాణాంతకమైనట్లును విచారణలో తేలినది. మరణించిన పిదప ప్రపంచ విజేతగా ప్రకటింపబడినవాడు నేటివరకు అతడొక్కడే. చాప్‌మన్ ఒక్కని తలపైననే ఈ భారమంతయు వేయుట న్యాయము కాదు. ఆ కాలపు పందెములన్నియు అట్టివే. అయినను ఆ లేఖను మరచి అతని ప్రతిభను మాత్రమే పొగడుట నా చేత కాదు.

చివరి ఏండ్లలో డెలోరియన్ కారు రూపకల్పనకై వచ్చిన ధనములో సుమారు 1 కోటి 76 లక్షల డాలర్లు దారి తప్పినవి. ఆ లెక్కలు తేలకముందే, 1982 డిసెంబరు 16న, 54వ ఏట, చాప్‌మన్ గుండెపోటుతో మరణించినాడు. 1992లో అతని ఆర్థిక వ్యవహారములు చూచిన ఉన్నతోద్యోగి నేరమంగీకరించి జైలుకు వెళ్లినాడు. చాప్‌మన్ సజీవుడైనచో అతనికి పదేండ్లకు తగ్గని శిక్ష పడియుండునని ఆనాటి న్యాయమూర్తి అభిప్రాయపడినాడు.

ఇక ఆ మొదటి కారు సంగతి. ఎవరికిని అక్కరలేని దానిని చాప్‌మన్ 1950లో పత్రికలో ప్రకటన వేసి అమ్మివేసినాడు. అటుపిమ్మట దాని జాడ తెలియలేదు. 2023లో, అది పుట్టి 75 ఏండ్లయిన సందర్భమున, పాత గారేజీలు, కొట్టములు వెదకి చూడుడని లోటస్ సంస్థ ప్రజలను కోరినది.