కృష్ణ దాటిన వీరాస్వామయ్య

శ్రీశైలము దర్శించిన దక్షిణాది యాత్రికులు అటనుండి ఇండ్లకు మరలుట పరిపాటి. ఏనుగుల వీరాస్వామయ్యగారు మరలలేదు. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, తిరుపతి, కడప, అహోబిలముల మీదుగా వచ్చిన ఆయన కృష్ణను దాటి నిజాము రాజ్యమున అడుగిడిరి. వెంట సుమారు నూరుమంది పరివారము. గమ్యము కాశి.

తొమ్మిదవయేట తండ్రిని గోల్పోయి, చిన్ననాటనే ఇంగ్లీషు నేర్చి, స్వయంకృషిచే మద్రాసు సుప్రీంకోర్టున ప్రధాన దుబాసీ పదవి నందిన వారాయన. సాక్షి చెప్పినదానికి ఒక మాట చేర్పక, ఒక మాట విడువక న్యాయాధిపతికి విన్నవించుట దుబాసీ పని. ఆ అలవాటు ఆయన దినచర్యలో పేజీపేజీకిని కానవచ్చును. మజిలీలో నీళ్లెట్టివి, భూమి యేపాటిది, సరుకు దొరకునా, బాట యెట్లున్నది అను సంగతులు దేవాలయ వర్ణనలతో సమానముగా అందు చోటు చేసికొన్నవి. వ్రాసినదానిని మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్లగారికి పంపుచుండిరి.

పెంట్లవెల్లి, వనపర్తి ప్రాంతముల మీదుగా ఆయన నడచిన సీమ కన్నుల పండువైనది. ఒకవంక కృష్ణ, ఒకవంక నల్లమల, నడుమ సేద్యపు భూములు. (శ్రీశైలం జలాశయము నిండిన పిదప ఆ యొడ్డు రూపు చాలవరకు మారిపోయినది.) కాని ఆ సీమలో ఆయన చెవిని బడినది యుద్ధవార్త. కొల్లాపురము, వనపర్తి జమీందారులు పరస్పరము కలహించి ఒకరి గ్రామముల నొకరు కొల్లగొట్టుచుండిరి. కత్తి దూసినవారు దొరలు, పంట పోగొట్టుకొన్నవారు రైతులు. హైదరాబాదున అధికారము నెరపుచున్న చందూలాలు ఈ కలహమును మాన్పలేదని కూడ వీరాస్వామయ్యగారు వ్రాసియుంచిరి.

గద్వాల, వనపర్తి, కొల్లాపురము సంస్థానములు పండిత పోషణకు పేరెన్నికగన్నవి. గద్వాలకు విద్వద్గద్వాల యనియే ప్రసిద్ధి. ఆ కీర్తి యథార్థమే. ఐనను ఆస్థానకవి కొల్లపోయిన పల్లెల లెక్క వ్రాయునా? ఏ దొర సంభావనను ఆశింపని బాటసారికే అది సాధ్యమైనది. వీరాస్వామయ్యగారికి కుంపిణీ పాలనపై మక్కువ యుండుటచే స్వదేశ ప్రభువులయెడ ఆయన తీర్పు ఒకింత కఠినమని శంకింపవచ్చును. శంకించినను, రైతు గోడు అబద్ధము కాదు.

పిదప హైదరాబాదు, నాగపురము, ప్రయాగ, కాశి, గయ, కలకత్తా. మరలునప్పుడు జగన్నాథము దర్శించి, సముద్రము నెడమవైపున నుంచుకొని ఉత్తర సర్కారుల పైరుపచ్చల నడుమ దక్షిణముగా సాగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి.

1836 అక్టోబరు 3న ఆయన కాలధర్మము నొందిరి. తన గ్రంథము అచ్చులో చూచుకొనలేదు. శ్రీనివాస పిళ్లగారి పూనికచే 1838లో కాశీయాత్ర చరిత్ర వెలువడినది. శతాబ్దము గడచిన పిమ్మట, 1941లో, దిగవల్లి వేంకట శివరావుగారు దానిని పరిష్కరించి మరల ప్రకటించిరి. కొల్లాపురము దొరల కయ్యము, ఆ రైతుల దుఃఖము నేటికిని అందు చదువవచ్చును.