కమ్మరి కొడుకు ఫారడే

ఈసారి నేను మైకేల్ ఫారడే గురించి రాస్తున్నాను.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ దగ్గర పుట్టినాడు. వాళ్ళ నాయన కమ్మరి. ఒంట్లో బాగుండక ఆయనకు పని సరిగా సాగేది కాదు. ఒకసారి ఒక్క రొట్టెనే ఫారడే వారమంతా తిన్నాడంట. బడిలో చదవడం, రాయడం, కొంచెం లెక్కలు మాత్రమే నేర్చుకున్నాడు.

1805లో, అంటే 14 ఏళ్ళకు, మన ఈడులోనే, పుస్తకాలు బైండింగు చేసే అంగడిలో పని నేర్చుకోను చేరినాడు. కుట్టిన పుస్తకాలనే చదివేవాడు. కరెంటు గురించి చదివి ఊరుకోలేదు. 1812లో ఏడు రాగి నాణేలు, ఏడు జింకు బిళ్ళలు, మధ్యలో ఉప్పునీళ్ళలో తడిపిన కాగితాలు పేర్చి బ్యాటరీ చేసినాడు.

ఆ ఏడాదే హంఫ్రీ డేవీ అనే పెద్ద శాస్త్రవేత్త ఉపన్యాసాలు విని, నోట్సు రాసి, తానే బైండు చేసి, ఆయనకే పంపి పని అడిగినాడు. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ల్యాబులో సహాయకుడైనాడు.

1820లో ఆయిర్‌స్టెడ్ అనే ఆయన, కరెంటు పోయే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని చూపినాడు. అట్లయితే అయస్కాంతం నుండి కరెంటు ఎందుకు రాదని ఫారడే ఆలోచన. ఏండ్లు గడిచినా రాలేదు. 1831 ఆగస్టులో మొదటి జాడ దొరికింది. అక్టోబరు 17న తీగచుట్టలోకి అయస్కాంతం కడ్డీని తోస్తే ముల్లు కదిలింది. కడ్డీ ఆగితే ముల్లు సున్నాకు వచ్చింది. బయటికి లాగితే అవతలి పక్కకు పోయింది. అయస్కాంతం ఊరికే ఉంటే చాలదు, కదలాల. అదే రహస్యం!

మన శ్రీశైలంలో జరిగేదీ ఇదే. కృష్ణ నీళ్ళు టర్బైనును తిప్పితే, తీగచుట్టల నడుమ విద్యుదయస్కాంతం తిరిగి కరెంటు పుడుతుంది. కుడిగట్టున 110 మెగావాట్ల యంత్రాలు ఏడు ఉన్నాయి.

పోయిన నెల పదో తరగతి అక్కలతో పాటు నేనూ ఈ ప్రయోగం చేసినాను. మెల్లగా తోస్తే ముల్లు కొంచెమే కదిలింది, గబుక్కున తోస్తే బాగా కదిలింది. ఈ మాట నేను బట్టీ పట్టలేదు, అయినా మర్చిపోను.

ఫారడే సర్ బిరుదు వద్దన్నాడు. 1867 ఆగస్టు 25న చనిపోయినాడు. చివరిదాకా పెద్ద లెక్కలు ఆయనకు రాలేదు.

మా అమ్మా నాయనా బడి చూడలేదు. సైన్సు మన గూడేల పిల్లలకు రాదని మన గదిలోనే కొందరు అంటారు. రాదని ఎట్లా తెలుస్తుంది, చేతికి ఇయ్యకుండా? మేడమ్, ఆదివారం ఒక గంట ల్యాబు బీరువా తాళం తీయించండి. సామాన్లు పగలకుండా చూసుకునే పూచీ మాది.

– 9వ తరగతి విద్యార్థిని