పల్లె దారి పట్టిన డాక్టరమ్మ ఐడా స్కడర్

డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నారని అడిగితే, మన హాస్టళ్లలో బైపీసీ చదివే పిల్లలు చాలామంది పేదలకు సేవ చేస్తామంటారు. మంచి మాటే. ఏ పేదలకు, ఏ లోటు తీర్చడానికి అని ఇంకో ప్రశ్న వేస్తే మాత్రం ఆగిపోతారు. ఆ రెండో ప్రశ్నకు తన బతుకంతా జవాబు చెప్పిన ఒక డాక్టరమ్మ కథను ఈ సంచికలో మన యువతతో పంచుకుంటున్నాం.

ఐడా స్కడర్ 1870 డిసెంబర్ 9న ఇప్పటి తమిళనాడులోని రాణిపేటలో పుట్టారు. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ డాక్టర్ల కుటుంబం వారిది. తాత, తండ్రి ఇద్దరూ డాక్టర్లే. అయినా ఐడాకు ఆ పని మీద ఇష్టం లేదు. చిన్నప్పుడే ఇక్కడి కరువును, ఆకలిని చూసి, అమెరికాలోనే స్థిరపడాలనుకున్నారు. చదువు ముగిశాక, తల్లికి జబ్బు చేసిందని 1890లో తిండివనం వచ్చారు. కొన్నాళ్లుండి వెళ్లిపోవాలన్నదే ఆమె ఆలోచన.

అక్కడ ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలుపు తట్టారు. ముగ్గురి భార్యలకూ కాన్పు కష్టమైంది. ఐడాను రమ్మని బతిమాలారు. ఆమెకు వైద్యం తెలియదు. తండ్రిని తీసుకెళ్లమంటే, పరాయి మగవాడు తమ ఆడవాళ్లను చూడకూడదని ముగ్గురూ వెనుదిరిగారు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఊళ్లో డాక్టర్ ఉన్నారు. కానీ ఆ ఇళ్లలో అడుగుపెట్టగల ఆడ డాక్టర్ లేరు. అసలు లోటు ఏమిటో ఐడాకు అప్పుడు తెలిసింది.

అమెరికా తిరిగి వెళ్లి 1895లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరారు. కార్నెల్ వైద్య కళాశాల ఆడవాళ్లను చేర్చుకోవడం మొదలుపెట్టాక అక్కడికి మారి, 1899లో పట్టా తీసుకున్నారు. 1900లో వేలూరు వచ్చి, తాముండే బంగ్లాలోనే ఒక చిన్న గదిలో రోగులను చూడసాగారు. 1902లో 40 పడకల ఆసుపత్రి తెరిచారు.

ఆసుపత్రి కట్టి ఊరుకోలేదామె. దూరపు పల్లెల వాళ్లు వేలూరు రాలేకపోతున్నారని, వారానికోసారి మందులు తీసుకుని గుడియాత్తం దారిలో తామే బయలుదేరేవారు. దారి పొడవునా చెట్ల కింద జనం ఎదురుచూసేవారు. ఆగిన చోటే పుళ్లు కడిగి, కట్లు కట్టి, మందులిచ్చేవారు.

ఒక్క డాక్టరమ్మ ఎందరికి సరిపోతుంది? అందుకే 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల పెట్టారు. ముగ్గురు దరఖాస్తు చేసినా గొప్పేనని పెద్ద అధికారులు అనుకున్నారు. 151 దరఖాస్తులు వచ్చాయి. ఆ పాఠశాలే నేటి వేలూరు సీఎంసీ. ఆ చదువును డిగ్రీ స్థాయికి పెంచక తప్పని పరిస్థితి వచ్చినప్పుడు, 70 ఏళ్ల వయసులో కూడా ఐడా అమెరికాలో ఊరూరా తిరిగి డబ్బు పోగుచేశారు. 1960 మే 24న కొడైకెనాల్‌లో కన్నుమూశారు. మన చిత్తూరు వైపు వాళ్లకు పెద్ద జబ్బంటే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది వేలూరే.

మన లోటు మనకుంది. గర్భిణులను డోలీలో మోసుకొచ్చే దారులు మన కొండల్లో ఇంకా ఉన్నాయి. కోయ, గోండి, సవర, కువి భాషల్లో నొప్పి చెప్పుకుంటే అర్థమయ్యే డాక్టర్లు చాలా తక్కువ. ఆ భాష మీకు అమ్మ ఒడిలోనే వచ్చింది.

నీట్‌కు చదవండి, బాగా చదవండి. దాంతోపాటు సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు ఆశా అక్కతోనో ఏఎన్ఎంతోనో ఒకరోజు గూడేలు తిరగండి. ఎవరు ఆసుపత్రికి రావడం లేదో, ఎందుకు రావడం లేదో అడిగి ఒక నోటుబుక్‌లో రాసుకోండి. డాక్టర్ ఎందుకు కావాలని రేపు ఎవరైనా అడిగితే, అందులో రాసుకున్నదే చెప్పండి. సీటు వచ్చాక కూడా ఆ పుస్తకాన్ని మీతోనే ఉంచుకోండి.